ఇంక చింపితే దారమే

పొద్దున్నే ఆరున్నరకల్లా ఇస్త్రీ అత్త షాపు తీస్తుంది. షాపంటే పెద్ద షాపేం కాదు, మార్కెట్ వెనక వీధిలో రెండు చెక్క తలుపులు. ఒకటి పక్కకి జరిపితే షాపు, రెండోది జరిపితే వెనక ఇల్లు. బల్ల మీద పాత దుప్పటి నాలుగు మడతలేసి పరుస్తుంది, చెంబులో నీళ్ళు పెట్టుకుంటుంది, పెట్టె వేడెక్కిందో లేదో తడి వేలితో అలా తాకి చూస్తుంది. చుయ్ మనగానే గుట్టలోంచి మొదటి చొక్కా లాగుతుంది. నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించగానే ఆవిరి లేస్తుంది. ఆవిరితోపాటు, ఆ చొక్కా తొడుక్కుని ఉండగా మనిషి అన్న మాటలూ లేస్తాయి.

అన్నీ ఒకచోట ఉండవు. కాలర్ దగ్గర గట్టిగా అన్నవి ఉంటాయి. చేతుల దగ్గర చేతులు తిప్పుకుంటూ అన్నవి, అంటే బేరాలూ పోట్లాటలూనూ. వీపు మీద గొణిగినవి. జేబు దగ్గర మాత్రం నోటిదాకా వచ్చి అనకుండా మింగేసినవి ఉంటాయి. ఉతికితే మాటలు పోవు, వేడికే పోతాయి. ఒక్కసారి పెట్టె తిరిగిందా, అంతే. రెండోసారి పెడితే లేచేది ఉత్త ఆవిరే.

ఇదంతా వీధిలో అందరికీ తెలిసిందే.

"అత్తా, ఆ నీలం చొక్కా మా ఆవిడ ఇటు రానప్పుడు తియ్యి. నిన్న బావమరిది ఇంటికొచ్చాడు," అని ఎదురింటి బస్సు కండక్టర్ గుట్ట దించుతూ చెప్పేవాడు.

"ఏమన్నావురా వాణ్ణి?"

"నేను చెప్పడమెందుకు, పొద్దున్నే నువ్వే వింటావుగా!"

ఇంత ధైర్యంగా బట్టలు వేసి పోతారంటే కారణం ఒకటే. బల్ల మీద విన్నది బల్ల కింద పడేయాలి. అది అత్త పెట్టుకున్న కట్టుబాటు. ముప్పై ఏళ్ళలో ఒక్క మాట గుమ్మం దాటలేదు. అందుకే డాక్టరమ్మ కోటూ, ఆ డాక్టరమ్మ మీద కేసు వేసినాయన చొక్కా ఒకే గుట్టలో పక్కపక్కనే పడుకునేవి. ఇంకో విషయం, మిగతా షాపుల్లో ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి కాలర్ లోపల సిరాతో గుర్తు వేస్తారు. అత్త వేయదు. పెట్టె ఆనించి, లేచిన మాట నాలుగు ముక్కలు విని, "ఇది పాలాయనది" అని పక్కన పెట్టేస్తుంది. ఇంతవరకూ ఒక్క చొక్కా ఇల్లు మారలేదు.

అత్తకి పిల్లల్లేరు. తమ్ముడి కూతురు ఒకత్తి ఉంది. తల్లి పోయిన ఏడాది, ఐదేళ్ళ పిల్లగా వచ్చి ఈ బల్ల కింద కూర్చుని పలక పట్టింది. ఇప్పుడు ఇరవై మూడు. వీధిలో అందరూ "డిగ్రీ" అని పిలుస్తారు. చదివింది భాషాశాస్త్రం. అది చదువుతున్నానని చెప్పిన రోజు కండక్టర్ అడిగాడు, "అయితే ఎన్ని భాషలొస్తాయమ్మా?" అని.

"రెండు, బాబాయ్."

"రెండా! మా డ్రైవర్‌కి నాలుగొచ్చు. వాడు స్కూలు గడప తొక్కలేదు."

ఆ పిల్లకి అసలు ప్రతిదానికీ భయం. నోరు తెరిచేముందు మూడుసార్లు లోపల సరిచూసుకుంటుంది, మూడోసారికి అవతలివాళ్ళు వెళ్ళిపోతారు.

అలాంటి పిల్లకి, చదివిన కాలేజీలోనే ఆరు నెలల ఉద్యోగం దొరికింది. కొత్తగా చేరే పిల్లలకి ఒక చిన్న పుస్తకం రాసివ్వాలి. భాషాశాస్త్రంలో మొదట్లోనే అడ్డం పడే మాటలు నలభై ఉంటాయి, వర్ణం, పదాంశం, కాకువు, అరువు మాట, వ్యక్తి భాష, అలాంటివి. వాటికి వివరణలు రాయాలి. కమిటీ ఒప్పుకుంటే పుస్తకం అచ్చవుతుంది, ఉద్యోగం నిలుస్తుంది. ఒప్పుకోకపోతే ఇంటికే. నలభై వివరణలూ రాసి ఒక గురువారం శాఖ హెడ్డుసారుకి ఇచ్చింది. కాలేజీలో ఎవరైనా "మీవాళ్ళేం చేస్తారు?" అని అడిగితే డిగ్రీ "బట్టల వ్యాపారం" అని చెప్పింది. అబద్ధం కాదులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఆ శుక్రవారం పొద్దున అత్త బల్ల దగ్గర ఉంది, డిగ్రీ పక్కన నిలబడి మడతలు పెడుతోంది. కాలేజీ అటెండర్ తెచ్చిన గుట్టలోంచి ఒక తెల్ల చొక్కా వచ్చింది. హెడ్డుసారుది. ప్రతి శుక్రవారం వస్తూనే ఉంటుంది. ఆ షాపు ఎవరిదో, అందులో ఎవరున్నారో ఆయనకి తెలీదు. పెట్టె కాలర్ మీద ఆనింది.

"ఎనిమిది పుస్తకాలు ముందేసుకుని అన్నిట్లోంచీ కత్తిరించి అతికించింది," అని లేచింది హెడ్డుసారు గొంతు. "నలభై వివరణల్లో ఈ అమ్మాయి సొంత మాట ఒక్కటుందా, చూపించండి నాకు. సోమవారం కమిటీలో కాదనేద్దాం. ఇంకెవర్నైనా చూడండి."

డిగ్రీ చేతిలో మడత జారిపోయింది. అత్త చెయ్యి ఆగలేదు. ఆగితే బట్ట మాడుతుంది. చేతులు చేసింది, వీపు చేసింది, చివరికి జేబు దగ్గరికొచ్చి ఒక్క క్షణం చూసి పెట్టె ఆనించింది. ఏమీ లేవలేదు.

"జేబు ఖాళీ," అంది అత్త. "అనుకున్నదంతా అనేశాడు మహానుభావుడు."

"నేను రేపే వెళ్ళి బతిమాలుకుంటాను అత్తా. ఇంకొక్క నెల గడువు అడుగుతాను."

"వెళ్ళి ఏమంటావ్? మీరు తీసేద్దామనుకుంటున్నారు కదా సార్ అంటావా? ఎవరు చెప్పారంటే?"

డిగ్రీ జారిన మడత తీసి మళ్ళీ వేసింది.

"బల్ల మీద విన్నది?" అని అడిగింది అత్త, చిన్నప్పుడు ఎక్కం అడిగినట్టు.

"బల్ల కింద," అని గొణిగింది డిగ్రీ.

అత్త చొక్కా మడిచి పక్కన పెట్టి, పెట్టె నిలబెట్టి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. "సరే గానీ, ఆయన అన్నది నిజమేనా?"

డిగ్రీకి కళ్ళు నిండాయి. "నిజమే."

"మరి ఏడుపెందుకే? అబద్ధమైతే ఏడవాలి. ఏదీ, ఒకటి చదువు."

డిగ్రీ సంచీలోంచి కాగితాలు తీసి గొంతు సవరించుకుంది. "పదాంశం. మరింత విభజనకు లోనుకాని, కనిష్ఠ సార్థక భాషా ఘటకమే పదాంశం."

అత్త కళ్ళు చిట్లించింది. "ఇది ఎవర్నైనా తిట్టడమా?"

ఏడుస్తున్న పిల్లకి నవ్వొచ్చేసింది. "కాదత్తా. మాటలో అర్థం ఉన్న ముక్కల్లో అన్నిటికన్నా చిన్న ముక్క. ‘చెట్లలో’ అన్నామనుకో, చెట్టు ఒక ముక్క, చాలా ఉన్నాయని చెప్పేది ఒక ముక్క, లోపల అని చెప్పేది ఇంకో ముక్క."

"ఓస్, ముక్కలా! అది నాకెందుకు తెలీదు? నీకు చిన్నప్పుడు చెప్పలా?"

"ఏం చెప్పావ్?"

అత్త తల గోక్కుంది. "అదేంటే... ఇప్పుడు అడిగితే ఎట్లా వస్తుంది?"

శనివారమంతా ప్రయత్నించారు. డిగ్రీ నోటుబుక్కు పెట్టుకుని బల్ల ఎదురుగా కూర్చుంది. నోటుబుక్కు చూసేసరికి అత్త వీపు నిటారుగా అయిపోయింది, గొంతు మారిపోయింది. "మాట అనగా మనుషులు పరస్పరము..." అంటూ రేడియోలో వార్తలు చదివినట్టు మొదలుపెట్టింది. బట్టలు ఇవ్వడానికొచ్చిన కండక్టర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "అత్తకి ఒంట్లో బాలేదా?"

మధ్యాహ్నానికి డిగ్రీకి ఓపిక పోయింది. కండక్టర్ నీలం చొక్కా లోంచి బావమరిది మీద ఒక వాక్యం లేచింది, భలే వాక్యం, కాకువుకి, అంటే గొంతు రాగంతో అర్థం మారడానికి, అంతకన్నా మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ దొరకదు. చెయ్యి దానంతటదే రాసేసింది. అత్త పెట్టె నిలబెట్టింది. నోటుబుక్కు లాక్కుని ఆ కాగితం చింపి, మడిచి, పొయ్యిలో పెట్టొచ్చింది.

"వాడు నన్ను నమ్మి వేసిపోయాడు. నీ పుస్తకాన్ని నమ్మి కాదు."

"తప్పయింది అత్తా."

"ఒకళ్ళ మాట కావాలంటే వాళ్ళని అడగాలి. అంతే. అడిగితే ఇస్తారు, లేకపోతే లేదు." అని అంటూ అంటూ అత్త ఆగిపోయింది. తన ఒంటి మీది ఏప్రాన్ వంక చూసుకుంది. ముదురు గోధుమ రంగుది, ముందు ఒకే ఒక్క పెద్ద జేబు. "రేపు ఆదివారం," అంది. "షాపు తియ్యొద్దు."

ఆదివారం పొద్దున అత్త మంచం కింద నుంచి రేకుపెట్టె లాగింది. అందులో ఏప్రాన్లున్నాయి. ఏడాదికొకటి చొప్పున చిరిగేదాకా తొడిగి, ఉతికి, పారేయడానికి మనసొప్పక దాచినవి. ఒక్కటీ ఇస్త్రీ చేసినది కాదు. వీధి మొత్తానికి మడత నలగకుండా ఇచ్చే మనిషి తన బట్టలకి ఎప్పుడూ పెట్టె పెట్టుకోలేదు.

"ఎందుకత్తా?"

"ఎవరికి వినిపించాలే నా మాటలు?" అంటూ దులిపింది మొదటిదాన్ని. "ఇప్పుడు నువ్వు అడుగుతున్నావ్ గనక."

"ఒక్కసారేగా లేస్తాయి. తర్వాత పోతాయి కదా."

"దాచుకుని ఏం చేస్తాను? రాసుకో."

పెట్టె ఆనింది. ఆవిరిలోంచి అత్త గొంతు లేచింది, ఇప్పటి గొంతు కాదు, పద్దెనిమిదేళ్ళ కిందటిది, లేతగా, తొందరగా. "ఎవరిదో ఎట్లా తెలిసిందా? ఒసే పిచ్చిమొహమా, ఇద్దరు మనుషులు ఒక్క మాటే అన్నా ఒక్కలా అనరే. ప్రతివాళ్ళ నోటికీ ఒక గుర్తుంటుంది. సిరా గుర్తు చెరిగిపోతుంది గానీ ఇది చెరగదు."

డిగ్రీ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఏప్రాన్‌లో అత్త మాటలే ఉన్నాయి, ఎదుటివాళ్ళవి లేవు. కానీ ఆ ప్రశ్న ఎవరిదో డిగ్రీకి గుర్తుంది. బల్ల కింద కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుని అడిగింది తనే. వ్యక్తి భాష, అని పక్కన రాసుకుంది.

ఇంకో ఏప్రాన్. "జాగ్రత్తగా విను. ఒకే మాట జలుబు చేసినవాడు అన్నా, పళ్ళూడిన తాత అన్నా, నువ్వు గునిసి గునిసి అన్నా, చెవిలో పడేది వేరే వేరే. అయినా ఇది అదే అని తెలుస్తోందిగా? ఏది మారితే చొక్కా వేరే ఇంటికి పోతుందో, అంతవరకే పట్టించుకో. మిగతాది జలుబే." వర్ణం, అని రాసుకుంది డిగ్రీ. ఐదేళ్ళు చదివినా అర్థంకానిది ఆ క్షణంలో అర్థమైంది.

"అది పక్కూరి మాటే గానీ ఇప్పుడు మనదే. అడిగి తెచ్చుకున్న చొక్కా లాంటిది. తొడిగి తొడిగి మన ఒంటి తీరుకొచ్చేసింది. తిరిగిమ్మని వాళ్ళూ అడగరు, ఇద్దామని మనకీ గుర్తుండదు." అరువు మాట.

"చేతులు పట్టుకెళ్ళి మెడకి కుడితే చొక్కా అవుతుందా? అన్ని ముక్కలూ ఉన్నాయి, తొడుక్కో చూద్దాం! మాటలూ అంతే, ఎక్కడిది అక్కడే కుట్టాలి." వాక్య నిర్మాణం.

"నా బల్ల మీద రోజుకి వంద ‘సరే’లు లేస్తాయే. అందులో తొంభై, సరే కాదు. ఏ సరే ఏదో రాగం చెబుతుంది." కాకువు.

తొమ్మిదో ఏప్రాన్ వీపు పట్టీ దగ్గర దొరికింది అత్త మొన్నట్నుంచీ వెతుక్కుంటున్నది, ఆ ముక్కల మాట. "చింపుతూ పో. పెద్ద గుడ్డ, చిన్న గుడ్డ, పేలిక. పేలికతో కూడా చెయ్యి తుడుచుకోవచ్చు, దానికీ ఒక పనుంది. ఇంక చింపితే గుడ్డ కాదే, దారమే. మాట కూడా అట్లాగే. పని చేసే ఆఖరి పేలిక దగ్గర ఆగిపో."

"అదిగో!" అని చప్పట్లు కొట్టింది ఇప్పటి అత్త, అప్పటి అత్తని విని. "చెప్పానా, చెప్పానని!"

సాయంత్రానికి బల్ల పక్కన నున్నగా మడిచిన ఏప్రాన్లు మోకాలెత్తు లేచాయి. జేబులు మాత్రం ముడతలు ముడతలుగానే ఉన్నాయి. డిగ్రీ ఒక జేబు మీదకి పెట్టె తీసుకెళ్ళబోతే అత్త చెయ్యి పట్టుకుంది. "వాటి జోలికి పోకు. అవి నావి."

సోమవారం కమిటీ గదిలో ముగ్గురు కూర్చున్నారు, హెడ్డుసారు, పాఠాలు చెప్పే మేడమ్, లైబ్రేరియన్. డిగ్రీ కొత్త కాగితాలు ముగ్గురి ముందూ పెట్టి నిలబడింది. మొదట మేడమ్ నవ్వింది, సరే కాదు అన్నచోట. తర్వాత లైబ్రేరియన్ ఒక కాగితం వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు. హెడ్డుసారు మాత్రం చివరిదాకా తలెత్తలేదు.

"గురువారం ఇచ్చినదానికీ దీనికీ పోలికే లేదు," అన్నాడాయన. "దాని గురించి నీతో ఎవరూ ఏమీ అనలేదు. నువ్వెందుకు మార్చావ్?"

డిగ్రీ ఆయన కాలర్ వంక చూసింది. ఆ మడత తను పెట్టిందే. నోటిదాకా ఒక మాట వచ్చింది. మింగేసింది.

"నాకే నచ్చలేదు సార్."

"ఇవి ఏ పుస్తకంలోంచి?"

"పుస్తకం లోవి కావు సార్. మా అత్త మాటలు. ఇస్తానంటేనే రాసుకున్నాను."

"మీ అత్తగారు ఎక్కడ పాఠాలు చెబుతారు?"

ఎప్పుడూ మూడుసార్లు సరిచూసుకునే పిల్ల ఈసారి ఒక్కసారి కూడా చూసుకోలేదు. "చెప్పదు సార్. ఇస్త్రీ చేస్తుంది. మార్కెట్ వెనక వీధి, రెండు చెక్క తలుపుల షాపు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో సగం మంది మాట్లాడేది వింటోంది. ఒకళ్ళ చొక్కా ఇంకొకళ్ళకి ఇవ్వలేదు. భాష గురించి మా అత్తకి తెలిసినంత నాకు తెలీదు, సార్." ఇంకొకటీ చెప్పేసింది. "మీ చొక్కాలు కూడా అక్కడికే వస్తాయి."

హెడ్డుసారు చెయ్యి మెల్లగా కాలర్ దగ్గరికెళ్ళింది. మేడమ్ కిటికీలోంచి బయటికి చూసింది. ఊళ్ళో ఇస్త్రీకి బట్టలు వేసేవాళ్ళకి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేని సంగతి అది.

"శుక్రవారం చొక్కా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"నాకేం తెలీదు సార్," అంది డిగ్రీ.

ఆయన కాలర్ మీంచి చెయ్యి దించాడు. కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దాడు. "సరే," అన్నాడు.

డిగ్రీ పరిగెత్తినట్టే ఇంటికొచ్చింది. "సరే అన్నాడత్తా!"

"ఏ సరే?"

"అదే తెలీట్లేదు."

"అని చూపించు."

డిగ్రీ హెడ్డుసారులా, లేని కళ్ళద్దాలు ముక్కు మీద సర్దుకుని, "సరే" అంది. అత్త తల అడ్డంగా ఊపింది. "నీ గొంతులో తేలదు. చొక్కా రావాలి."

నాలుగు రోజులు ఎదురుచూశారు. కాలేజీలో ఎవరూ ఏమీ చెప్పలేదు. శుక్రవారం పొద్దున అటెండర్ రాలేదు. పది అయింది. పదకొండు అయింది. డిగ్రీ కాలేజీకి వెళ్ళిపోయింది. "నా వల్ల నీ ఖాతా కూడా పోయింది," అంది వెళ్ళేముందు. "పోతే పోనీ," అంది అత్త, "నిలబడి మాట్లాడొచ్చావ్. అది చాలు నాకు."

పన్నెండింటికి అటెండర్ వచ్చాడు. గుట్ట లేదు, ఒకే ఒక్క చొక్కా. "ఇదొక్కటే ఇచ్చి రమ్మన్నారమ్మా. సారే స్వయంగా మడిచారు."

అత్త కాలర్ చేసింది. "అచ్చుకి పంపండి," అని లేచింది. "ఆ అమ్మాయిని ఉండమనండి. రేపే ఉత్తరం ఇవ్వండి." చేతులు చేసింది. వీపు చేసింది. జేబు దగ్గరికొచ్చి ఆగింది. ముట్టుకుంటే తెలిసింది, నిండుగా ఉంది. పెట్టె నిలబెట్టేసింది. చొక్కాని అలాగే బల్ల మీద ఉంచి, సాయంత్రందాకా మిగతా బట్టలన్నీ ఆ మూలా ఈ మూలా ఇరుకిరుగ్గా చేసుకుంది.

డిగ్రీ ఇంటికి రాగానే పెట్టె చేతికిచ్చింది. "ఇది నీది. నువ్వే చెయ్యి."

పెట్టె ఆనింది. హెడ్డుసారు గొంతే గానీ చాలా చిన్నది, ఎవరూ వినకూడదన్నట్టు.

"ఇది నేను రాయాల్సింది."

అత్తా, మేనకోడలూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "బల్ల కిందే కదా అత్తా?" అంది డిగ్రీ.

"బల్ల కిందే," అంది అత్త. అని ఆ చొక్కాని తీసుకెళ్ళి, వీధిలోకి కనపడే మొదటి కొక్కేనికి తగిలించింది.

కొత్త పిల్లలు చేరేనాటికి పుస్తకం వచ్చింది. పల్చటి పుస్తకం, నీలం అట్ట. మొదటి పేజీలో, ఈ మాటలన్నీ ఒక ఇస్త్రీ బల్ల దగ్గరివని, చెప్పిన మనిషి మా మేనత్త అని డిగ్రీ రాసింది. అత్త ఆ పేజీని వేలు పెట్టుకుని కూడబలుక్కుని చదివి, "అట్ట నలిగింది, సాపవ్వాలి," అని దిండు కింద పెట్టేసుకుంది. కండక్టర్ ఒక కాపీ తీసుకెళ్ళి డ్రైవర్‌కి ఇచ్చాడు. "నాలుగు భాషలొస్తే సరిపోదురా," అన్నాడట.

పుస్తకం వచ్చిన మూడో వారం, ఒక మంగళవారం పొద్దున, గుట్టలోంచి ఎప్పుడూ చూడని చొక్కా ఒకటి వచ్చింది. గీతల చొక్కా, మోచేతి దగ్గర పెన్ను మరక, హాస్టల్లో ఉండే ఎవరో కుర్రాడిది. అత్త నీళ్ళు చిలకరించింది, కాలర్ మీద పెట్టె ఆనించింది. తెలియని గొంతు, ఇంకా సరిగ్గా ముదరని గొంతు, ఎవరికో గట్టిగా వివరించి చెబుతున్నట్టు లేచింది.

"అంతేరా! పేలికకి కూడా ఒక పనుంది. ఇంక చింపితే గుడ్డ కాదు, దారమే!"

అత్త చెయ్యి ఆగింది. ముప్పై ఏళ్ళలో పెట్టె కింద బట్ట ఉండగా ఆగడం అదే మొదటిసారి. చటుక్కున ఎత్తింది, మాడలేదు. వెనకగదిలో కాలేజీకి తయారవుతున్న డిగ్రీ తొంగిచూసింది. "ఏమైందత్తా?"

"ఏం లేదు," అంది అత్త. "ఎవరో కొత్త పిల్లాడు. నోటి గుర్తు చూసుకుంటున్నాను."

మళ్ళీ నీళ్ళు చిలకరించింది. నున్నగా అయిపోయిన ఆ కాలర్ మీద, లేచేది ఉత్త ఆవిరేనని తెలిసి కూడా, పెట్టెని మెల్లగా ఇంకోసారి పోనిచ్చింది.